పుర్రచేత్తో చుట్టిన కాయిలు

మా ఆయన గిటారుని ఎవరన్నా ఒక్క మాట అంటే నాకు ఒళ్లు మండిద్ది. అట్టాంటిది ఎనభయ్యయిదు శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో వేలమంది కలిసి అన్నారు. అంతమందితో నేనొక్కదాన్ని ఏం పోట్లాడేది? ఇంటికొచ్చి మా ఆయనతో పోట్లాడా.

నా పేరు మాబున్నీసా. పుట్టిల్లు గురజాల, మెట్టినిల్లు నరసరావుపేట. మా ఆయన ఫరీదుకి వినుకొండ రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు. రైతుల మోటార్లు కాలిపోతే లోపలి రాగితీగె పీకేసి కొత్తది చుట్టిచ్చే పని. ముందు షాపు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య గుమ్మంలో మంచం వేసుకుని మా అత్త అమీనా బీ. ఎటు ఏం జరిగినా ఆమెకి తెలవాల్సిందే.

పగలు మోటార్లు, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలో గిటారు, ఇదీ మా ఆయన బతుకు. మద్రాసోళ్లెవరో వదిలించుకున్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు అది. గురజాలలో మా పిన్ని కూతురి పెళ్లిలో ఆయన దాన్ని భుజానికి తగిలించుకుని, కళ్లు మూసుకుని, తనలో తనే నవ్వుకుంటా వాయిస్తుంటే చూశా. అంతే, అయిపోయింది నా పని. సంబంధం వచ్చినప్పుడు మా నాయన "మోటార్లు చుట్టేవాడంట" అని గొణిగితే, "కాదు, గిటారు వాయించేవాడు" అని నేనే దిద్దా, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఇక ప్రభల సంగతి. కోటప్పకొండకి ఊరూరి నుంచీ ప్రభలు వస్తయ్. వెదుళ్లూ కర్రలూ కట్టి, తాటిచెట్లు చిన్నబోయేంత ఎత్తున లేపి, పైనుంచి కింద దాకా బల్బులు గుచ్చుతారు. పక్కన జనరేటరు, కింద స్టేజీ, స్టేజీ మీద పాటలు. ఎవరి ప్రభ గొప్ప అనే పోటీలో బుద్ధిమంతులు కూడా చొక్కాలు చించుకుంటారు. జువ్వలపాడు ప్రభకి లక్ష్మీనారాయణ గారు పెద్ద. పెద్ద రైతు, ఎడ్ల పందేలంటే పిచ్చి, ప్రభ అంటే అంతకన్నా పిచ్చి. మా ఆయన వాయించేది ఆయన ప్రభ మీదే.

ఆ సంవత్సరం లైట్లు వేసేదాకా బాగానే ఉంది. సీరియల్ లైట్లు ఎలిగినయ్యో లేదో, గిటారు బుయ్య్‌మని అందుకుంది. పాట కన్నా బుయ్యి ఎక్కువ. పాట ఆగినా బుయ్యి ఆగదు. లక్ష్మీనారాయణ గారు మైకు లాక్కుని, "ఒరేయ్ ఫరీదూ, ఏందిరా అది, కందిరీగలు గూడు పెట్టినయ్యా నీ గిటారులో?" అన్నాడు. మైకులో అన్నాడండీ! కొండ చుట్టూ ఇనపడింది. జనం ఒకటే నవ్వు. మా ఆయన ఎత్తిన తల దించుకున్నాడు, దించిన తల ఎత్తలా.

మళ్లీ శివరాత్రి దగ్గరికొస్తుంటే లక్ష్మీనారాయణ గారు మా షాపుకొచ్చి, మా అత్త ఇచ్చిన టీ తాగి, మెల్లగా మాట కదిపాడు.

"ఫరీదూ, గుంటూరు నుంచి క్యాసియో కుర్రోడు ఒకడు వస్తానంటన్నాడు. మీట నొక్కితే గిటారు మోత కూడా అందులోనే వచ్చిద్దంట. తిరనాళ్లకి ముందురోజు సందకాడ మా ఊళ్లో లైట్ల ట్రయల్ వేస్తన్నాం. వాణ్ణీ రమ్మన్నా. లైట్ల కింద నీ గిటారు బుయ్యిమనకపోతే ప్రభ నువ్వెక్కు. బుయ్యిమంటే వాడు ఎక్కుతాడు. నా మీద కోపం పెట్టుకోమాక."

"అట్టాగే బాబాయ్" అన్నాడు మా ఆయన. లక్ష్మీనారాయణ గారు అటు పోయాడో లేదో, గిటారుని దుప్పట్లో చుట్టి అటకెక్కించబోయాడు.

"ఏందయ్యా అది?" అన్నా.

"ఈసారి కూడా దింపేస్తే దీన్ని ఎవరికన్నా ఇచ్చేస్తా మాబూ. ఇంక ముట్టుకోను. మోటార్లు చుట్టుకుంటా బతుకుతా."

నవ్వకుండా అన్నాడు. అదీ నాకు గుబులు పుట్టించింది. పొద్దస్తమానం వార్నిషు వాసనలో, రైతుల కేకల మధ్య ఉండే మనిషి, సందకాడ గిటారు ఒళ్లో పెట్టుకుంటేనే నవ్వుతాడు. ఆ గిటారు పోతే నాకు మొగుడు మిగుల్తాడు గానీ ఆ నవ్వు మిగల్దు. నేను మనువాడింది ఆ నవ్వుని.

"అటకెక్కించింది చాల్లే. గుంటూరు బస్సెక్కు, నేనూ వస్తా" అన్నా.

గుంటూరులో ఆరోగ్యస్వామి మాస్టారని ఒక పెద్దాయన, చర్చీల హార్మోనియంలూ గిటార్లూ బాగుచేస్తాడు. చెవుల్లో ఎప్పుడూ దూది ఉంటది. ఇనాల్సింది ఏదన్నా వస్తేనే తీస్తాడంట. మా గిటారు విప్పి చూశాడు. తీగెల కింద నల్ల డబ్బీలు రెండుంటయ్, పికప్పులంటారు వాటిని. లోపల ఒక అయస్కాంతం పట్టీ, దాని మీద రాగితీగె చుట్ట, అదే కాయిలు. పైన తీగె కదిల్తే ఆ కదలికని ఈ చుట్ట పట్టుకుని యాంప్లిఫైయరుకి పంపిద్ది. ఇదంతా మాస్టారు నాకే చెప్పాడు, మా ఆయనకి తెలుసుగా.

"మెడ దగ్గరది ఎప్పుడో చచ్చింది. బ్రిడ్జి దగ్గరదానికి కొన ఊపిరి ఉంది. రెండూ మార్చాల్సిందే" అని, పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. గలగలా పికప్పులు! నాకు గాజుల కొట్టుకి పోయినంత సంబరమయింది.

ఒక్కోదాన్ని వైర్లతో తగిలించి, తీగెల కింద పట్టుకుని, వాయించమనేవాడు. మొదటిది కయ్యిమంది. "వద్దు" అన్నాం ఇద్దరం. ఇంకోటి గొంతు పట్టేసినోడి మాదిరి పలికింది. "వద్దు." ఆ తర్వాతది చూడండీ, ఒక్క మీటుకి వరండా అదిరింది. వీధిలో పోయేవాళ్లు ఆగారు. మా ఆయన కళ్లు ఎలిగినయ్.

"ఇదే మాస్టారూ! ఇట్టాంటివే రెండు ఇవ్వండి!"

"రెండెందుకయ్యా, ఇళ్లు కూలిపోతయ్" అన్నా. "ఆ చివరదాన్ని కూడా ఒకసారి పెట్టండి మాస్టారూ."

ఆ చివరది మెత్తగా పలికింది. చిన్న గొంతే గానీ, కమ్మగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇది బాగుంది" అన్నా.

"ఇదా? లైట్లూ జనరేటరూ జనమూ, అంత గోలలో ఇది ఎవరికి ఇనపడిద్దే?"

"నీకు గోలే కావాలంటే మోటారు భుజానికి తగిలించుకుని పో."

"నీకేం తెలుసు గిటారు గురించి?"

"నాకా? గిటారుని చూసే గదయ్యా నిన్ను చేసుకుంది, నీ మొహం చూసి కాదు!"

మాస్టారు నిదానంగా దూది తీసి చెవుల్లో పెట్టుకున్నాడు. మేము నోరు మూసుకున్నాక మళ్లీ తీశాడు.

"ఇద్దరూ కరెక్టే. బ్రిడ్జి దగ్గర తీగెలు బిగిసి ఉంటయ్, కొంచెమే కదుల్తయ్. అక్కడ బలమైంది పెట్టాలి. మెడ దగ్గర బాగా ఊగుతయ్, అక్కడ మెత్తనిది చాలు. రెండూ బలమైనవి పెడితే మెడ దగ్గరది అరిచి రెండోదాన్ని మింగేసిద్ది. గిటారుకి పికప్పు ఎంచటం కాదు, జత కుదర్చాలి."

"ఎడ్లజతలాగా" అన్నాడు మా ఆయన. "కుడిపక్క దూకుడుగా పోయే ఎలపటెద్దు, ఎడమపక్క నిదానంగా పట్టుకొచ్చే దాపటెద్దు."

"అదే మరి" అన్నాడు మాస్టారు.

మా ఆయన సంతోషంగా ఆ మెత్తటిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మోటార్లు బిగించే బొటనవేలండీ అది! చుట్ట మీద కొంచెం గట్టిగా ఆనింది. చిటుక్కుమంది. లోపల తీగె పుటుక్కున తెగిపోయింది. నేను నెత్తి కొట్టుకున్నా. మాస్టారు దూది వెతుక్కున్నాడు.

"ఇట్టాంటిది ఇంకోటి లేదు. మళ్లీ చుట్టాల్సిందే. నా కళ్లకి ఆ సన్నటి తీగె ఆనట్లా. నువ్వు వైండింగ్ చేసేవాడివేగా, చుట్టుకో" అని ఒక తీగె ఉండ ఇచ్చాడు. అది తీగె అంటే ఎవరూ నమ్మరు, నా తలెంట్రుక దానికన్నా లావు. "ఆ బలమైనదాన్ని కుడివైపుకి తిప్పి చుట్టారు చూడు, దీన్నీ అట్టాగే చుట్టు. అయస్కాంతం పట్టీ కింద ఉంటది, రెండు మరలు విప్పితే వచ్చిద్ది, జాగ్రత్త."

"ఇయ్యి వేస్తే లైట్ల కింద బుయ్యి పోయిద్దా మాస్టారూ?" అన్నా.

"తగ్గుద్దమ్మా. పూర్తిగా పోవటం నేనైతే చూళ్లా" అన్నాడు. బస్సులో మా ఆయన ఆ ఒక్క మాటే పట్టుకుని దిగులుపడతా కూర్చున్నాడు. నేనేమో ఆ మెత్తటి గొంతుని తల్చుకుంటా దారంతా కూనిరాగాలు తీశా.

ఇప్పుడు నా చేతి సంగతి చెప్పాలి. నాది పుర్రచేతి వాటం. పుట్టటమే అట్టా పుట్టా, ఏం చేసేది? పెళ్లిచూపుల రోజు మా అమ్మ నా ఎడమచేతికి గుడ్డ కట్టి, "నూనె చిందిందమ్మా" అని మా అత్తతో చెప్పింది. పెళ్లయిన వారంలోనే కూర కలియబెడతా దొరికిపోయా. అప్పట్నుంచీ తెల్లారి లేస్తే మా అత్త మొదటి మాట, "ఏమే, ఆ చెయ్యి!" నీళ్లు ముంచినా, ముగ్గురికి టీ పోసినా, "ఏమే, ఆ చెయ్యి!" ఆమె ముందు అన్నీ కుడిచేత్తోనే చేసేదాన్ని. సగం ఒలికేది. ఒలికినందుకు ఇంకో తిట్టు.

చుట్టటం మొదలుపెట్టింది మా ఆయనే. ఆయన పట్టుకోవటం, తీగె తెగటం. మళ్లీ పట్టుకోవటం, మళ్లీ తెగటం. "ఇది తీగె కాదు, సాలెపురుగు ఉమ్ము" అని విసుక్కున్నాడు. అప్పుడు నా కుట్టుమిషను గుర్తొచ్చింది. దాని చేతిచక్రానికి ఆ డబ్బీని మైనంతో అతికించి, తిప్పుతా తీగె వదిల్తే సరి. గుమ్మంలో మా అత్త కూర్చునుంది. కుడిచేత్తో చక్రం తిప్పా. నా కుడిచెయ్యి ఎంత మొద్దుదంటే, తిప్పమంటే గుంజిద్ది. తీగె తెగింది. కాసేపటికి మళ్లీ తెగింది. తీగె ఉండ తరిగిపోతంది, ట్రయల్ రోజు దగ్గరపడతంది, మా ఆయన మొహంలో నవ్వు కరువైపోయింది.

అంతలో కారంపూడిలో మా ఆడబిడ్డ ఖైరున్నీసాకి కొడుకు పుట్టాడని కబురొచ్చింది. మా అత్త సంచి సర్దుకుని బస్సెక్కింది. ఆమెని బస్టాండులో దింపి ఇంటికొచ్చి, తలుపేసి, ఏం చేశాననుకుంటున్నారు? మిషన్ని ఇటుది అటు తిప్పి పెట్టా. చక్రం నా ఎడమచేతి కిందికి వచ్చింది. అబ్బ! ఎన్నాళ్లకి వదిలారమ్మా నన్ను అన్నట్టు నా పుర్రచెయ్యి దూకింది. చక్రం గిర్రున తిరగతంది, తీగె సర్రున పోతంది, నేను గొంతెత్తి పాడతన్నా. మా ఆయన షాపులోంచి తొంగి చూసి, "ఏందే, ఆ ఊపు?" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నా. అన్నానికి లేవకుండా చుట్టా. ఒక్కసారి తెగలా. చుట్ట అంచుదాకా నిండింది. మా ఆయన మీటరు పెట్టి చూసి, "మాబూ, ఆ బలమైనదాని కన్నా ఇసుమంత తక్కువ! మాస్టారు చెప్పినట్టు జత కుదిరింది!" అని నన్ను ఎత్తుకుని షాపు మధ్యలో గిరగిరా తిప్పాడు. బయట మోటారు తెచ్చిన రైతు దగ్గాడు. మా ఆయన సిగ్గుపడి నన్ను దించటం మర్చిపోయాడు.

ట్రయల్ రోజు పొద్దున మా అత్త కారంపూడి నుంచి దిగింది. మధ్యానానికి మా ఆయన రెండు పికప్పులూ గిటారులో బిగించి, యాంప్లిఫైయరు పెట్టి, బుయ్యి రావటానికి షాపులో ట్యూబులైట్లన్నీ వేసి, రెండు మోటార్లు కూడా తిప్పాడు. ప్రభ దగ్గర ఎంత గోలో మా షాపులో అంత గోల. గిటారుకి ఒక మీట ఉంటది. ఇటేస్తే ఒక పికప్పు, అటేస్తే రెండోది, మధ్యలో పెడితే రెండూ కలిసి.

బలమైనదానికి వేశాడు. బుయ్య్! మా ఆయన మొహం వాడింది. నేను చుట్టినదానికి వేశాడు. దానికీ బుయ్య్! మీట మధ్యలో పెట్టాడు.

బుయ్యి లేదు.

ఇద్దరం ఒకర్నొకరం చూసుకున్నాం. యాంప్లిఫైయరు ఆగిపోయిందేమో అని మా ఆయన దాని నెత్తిన ఒకటిచ్చాడు. ఎర్ర బుడ్డి ఎలగతానే ఉంది. మోటార్లు తిరగతానే ఉన్నయ్. బుయ్యి మాత్రం మాయం! నేను చప్పట్లు కొట్టి ఎగిరా. మా అత్త "ఏందే, ఆ గంతులు?" అంది. మా ఆయన ఊపిరి బిగబట్టి తీగెలు మీటాడు.

గిటారు ముక్కుతో మాట్లాడింది. సన్నగా, పీలగా, జలుబు చేసిన చంటిపిల్ల గొంతు. ఆ బలమైనదేమయిందో, నా మెత్తటిదేమయిందో!

"ఆగు ఆగు" అన్నాడు మా ఆయన. మోటారు ఉల్టా తిరిగితే వైండింగోళ్లు చేసే పని ఒకటే, వైర్లు అటుది ఇటు మార్చటం. నేను చుట్టినదాని వైర్లు రెండూ మార్చి కలిపాడు. మీటాడు. అబ్బ, ఏం గొంతండీ! తేనె పోసినట్టు! దాంతోపాటే బుయ్య్! ముందుకన్నా గట్టిగా!

మళ్లీ మార్చాడు. బుయ్యి పోయింది, గొంతూ పోయింది. మళ్లీ మార్చాడు. గొంతొచ్చింది, బుయ్యీ వచ్చింది. అట్టా మార్చీ మార్చీ మా ఆయనకి చెమటలు పట్టినయ్. నాకు నవ్వాగట్లా. ఏడుపు కూడా వస్తంది, రెండూ కలిసి ఎక్కిళ్లు వచ్చినయ్.

"నాకు అర్థం కావట్లా మాబూ. రెండూ ఒకటే వైపుకి చుట్టినయ్యేగా. ఒకేవైపు చుట్టినయ్ ఇట్టా చెయ్యవే."

నా ఎక్కిళ్లు ఆగినయ్. గుమ్మంలో అత్త. ఎదురుగా మొగుడు. సందకాడికి జువ్వలపాడు పోవాలి. ఏం చేసేది? ఏదయితే అదయిద్దిలే అనుకున్నా.

"ఒకేవైపు కాదు. మిషన్ని ఇటుది అటు తిప్పి నేను పుర్రచేత్తో చుట్టా, చక్రం ఉల్టా తిరిగింది" అన్నా.

మా అత్త మంచం మీంచి లేచి నిలబడింది. "అనుకున్నా! ఇట్టా అయిందేందా అనుకున్నా! ఆ చేత్తో చేస్తే ఉల్టా కాక ఏమయిద్ది? నా కొడుకు ఊరి ముందు నగుబాటు పాలవ్వాలనా?"

"అయితే తిప్పి చుట్టావన్నమాట" అన్నాడు మా ఆయన నీరసంగా. "పోనీలే, మొత్తం పీకేసి కుడిచేత్తో మళ్లీ చుడదాం."

"చుట్టను" అన్నా.

"ఏందే?"

"చుట్టను గాక చుట్టను! ఇయ్యి రెండూ విడివిడిగా బుయ్యిమన్నయ్యా లేదా? కలిపితే ఆ బుయ్యి పోయింది ఎందుకు? నా పుర్రచెయ్యి తిప్పి చుట్టబట్టే! ఇందాక పోయిందా లేదా? నువ్వే చెప్పు!" కోపం నషాళానికి అంటింది నాకు. ఎన్నాళ్ల కోపమో అది, మా అత్త వైపు చూసి కూడా కొంచెం అరిచా. "పుర్రచెయ్యి పాడు చెయ్యలా. సగం బాగుచేసింది. మిగతా సగం మీ కుడిచేతులోళ్లు చెయ్యండి!"

అరిచిన వేడిలోనే నాకు తోచింది.

"తీగె తిప్పి చూశాం. వైర్లు తిప్పి చూశాం. లోపల తిప్పకుండా మిగిలింది ఒకటేగా" అన్నా.

"ఏంది?"

"అయస్కాంతం."

మా ఆయన గిటారుని ఒళ్లోకి లాక్కున్నాడు. తీగెలు వదులు చేసి, నా డబ్బీ పైకి తీసి, మరలు విప్పి, అయస్కాంతం పట్టీని బోర్లా తిప్పి బిగించాడు. వైర్లు మొదట ఉన్నట్టే పెట్టాడు. తిరిగి గిటారులో పెట్టే ముందు ఎందుకో దాని మొహాన్ని రెండోదాని మొహానికి ఎదురుగా పట్టాడు. టక్కున అతుక్కున్నయ్. ఇందాక బిగించేటప్పుడు ఇట్టా పెడితే దూరంగా తోసుకున్నయ్యంట.

"చూడవే, ముందు పోట్లాడుకున్నయ్, ఇప్పుడు ఇడదీస్తే రావట్లా. అచ్చం..." అని నా వైపు చూశాడు.

"మీ అమ్మ ఉంది" అన్నా.

మా అత్త మొహం పక్కకి తిప్పుకుంది. ఆ మొహంలో నవ్వుందో లేదో నాకు కనపడలా. మా ఆయన తీగెలు బిగించి, ప్లగ్గు పెట్టి, మీట మధ్యలోకి తోశాడు.

కరెంటు పోయింది.

అంత గోలా ఒక్కసారి ఆగిపోయింది. మా ఆయన వీధిలోకి పోయి అటూ ఇటూ చూసొచ్చాడు. వినుకొండ రోడ్డంతా పోయిందంట, ఎప్పుడొస్తదో తెలవదంట. అంతలో లక్ష్మీనారాయణ గారు పంపిన జీపు వచ్చి షాపు ముందు హారన్ కొట్టింది.

"చూడకుండానే పోదామా?" అన్నాడు మా ఆయన.

"చూడకుండానే నిన్ను చేసుకోలా మీ అమ్మ మాట నమ్మి? ఎక్కు" అన్నా. అబద్ధమే, చూసే చేసుకున్నా. అయినా ఎక్కాడు. నేనెక్కా. వెనక మా అత్త ముసుగు సర్దుకుంటా వచ్చి, "నా కొడుకు పరువు పోయేటప్పుడు నేను లేకపోతే ఎట్టా" అని మధ్యలో ఎక్కి కూర్చుంది. జువ్వలపాడు దాకా గతుకుల్లో మా ఆయన గిటారుని, నేను మా ఆయన్ని, మా అత్త మా ఇద్దర్నీ పట్టుకుని కూర్చున్నాం.

జువ్వలపాడులో ప్రభ లేపి నిలబెట్టారు. ఊరు ఊరంతా దాని కింద ఉంది. స్టేజీ మీద ఒక పక్క క్యాసియో కుర్రోడు, నీలం కోటు వేసుకుని, వేళ్లు విరుచుకుంటా రెడీగా ఉన్నాడు. సందె మసకబడతంది. లక్ష్మీనారాయణ గారు చెయ్యి ఎత్తాడు. జనరేటరు అందుకుంది. ప్రభ కిందనుంచి పైదాకా ఒక్కసారి భగ్గుమంది. ఎర్ర లైట్లు పైకి పరిగెత్తితే పచ్చ లైట్లు కిందికి పరిగెత్తినయ్. పిల్లలు కేకలు. నాకు మాత్రం ఏం కనపడట్లా, చెవులే ఉన్నయ్ ఒంట్లో.

మా ఆయన ప్లగ్గు పెట్టాడు. యాంప్లిఫైయరు పూర్తిగా పెంచాడు.

ఏమీ లేదు. చీమ చిటుక్కుమంటే ఇనపడేంత నిశ్శబ్దం స్పీకర్లలో.

"ఏందిరా ఫరీదూ, వైరు పెట్టలా?" అన్నాడు లక్ష్మీనారాయణ గారు.

"పెట్టా బాబాయ్."

"మరి కందిరీగలేవిరా?"

"ఎగిరిపోయినయ్ బాబాయ్" అని మా ఆయన తీగెల మీద చెయ్యేశాడు.

ఆ గొంతు! అదే, ఆ బలమైనదీ నా మెత్తటిదీ ఒకదాని భుజం మీద ఒకటి చేతులేసుకుని వచ్చినట్టు, నిండుగా, బొద్దుగా, ఊరి చివరి కళ్లాల దాకా పోయింది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నవ్వాడు. గురజాలలో నేను చూసిన ఆ నవ్వే. నేను చిన్నపిల్ల మాదిరి ఎగిరి, నోట్లో వేళ్లు పెట్టి ఈలేశా. ఆడది ఈల వేసిందని పక్కనోళ్లు చూశారు. చూడనీ! మళ్లీ వేశా. క్యాసియో కుర్రోడు కాసేపు చూసి, వాడి మీటలు వదిలేసి వాడే చప్పట్లు కొట్టాడు. లక్ష్మీనారాయణ గారు తలగుడ్డ తీసి గాల్లోకి ఇసిరాడు, అది పోయి లైట్లకి చిక్కుకుంది, దాన్ని తీయటానికి ఇద్దరు ఎక్కాల్సొచ్చింది.

పాట ఆగాక ఆయన మైకు లాక్కున్నాడు. పోయిన సంవత్సరం లాక్కున్నట్టే. "ఎవర్రా బాగుచేసింది? మద్రాసా?"

మా ఆయన స్టేజీ మీంచి నా వైపు చెయ్యి చూపించాడు. ఊరంతా తిరిగి చూసింది. అంతమంది ఒక్కసారి చూసేసరికి ఈలేసిన ఎడమచెయ్యి గబుక్కున కొంగు కింద దాచుకున్నా. అలవాటు, ఏం చేసేది.

"ఏమే, ఆ చెయ్యి!"

మా అత్త. పక్కనే ఉంది. ఇంతమందిలో కూడానా అనుకున్నా. ఆమె నా కొంగు కిందకి చెయ్యి పోనిచ్చి, నా పుర్రచేతిని మణికట్టు కాడ పట్టుకుని బయటికి లాగింది. లాగి, గాజులు గలగలమనేటట్టు పైకెత్తింది.

"ఇదిగో! ఈ చెయ్యి చుట్టింది! మా కోడలు మాబున్నీసా, పుర్రచేత్తో చుట్టింది! కుడిచేతులోళ్లకి చాతగాలా!" అని మైకు లేకుండానే అరిచింది.

"దాపటెద్దమ్మా అది!" అన్నాడు లక్ష్మీనారాయణ గారు మైకులో. "దాపటెద్దు లేకుండా జతేందసలు! ఒరేయ్ ఫరీదూ, రేపు ప్రభ మీద నువ్వే. వాయించరా!"

మా ఆయన మళ్లీ అందుకున్నాడు. నాకు నవ్వొస్తంది, కళ్లు నిండిపోతన్నయ్, ప్రభ లైట్లన్నీ కలిసిపోయి కనపడతన్నయ్. సిగ్గేసి చెయ్యి దించుకోబోయా. మా అత్త దించనియ్యలా. పాటయ్యేదాకా అట్టాగే ఎత్తి పట్టుకుంది.